ఖలజ్: పక్కింటి పేరుతో బతికిన భాష



కాకతీయుల చరిత్ర కొంచెమైనా తెలిసినవాళ్లకు ఖల్జీ అన్న పేరు కొత్త కాదు. 1309 చివర్లో అల్లావుద్దీన్ ఖల్జీ ఆజ్ఞతో మాలిక్ కాఫూర్ సేన ఢిల్లీలో బయల్దేరింది. మరుసటి ఏడు మొదట్లో ఓరుగల్లు చేరి కోటను చుట్టుముట్టింది. బయటి మట్టికోట పడిపోయాక ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకున్నాడు. ఏనుగులు, గుర్రాలు, ధనం ఢిల్లీకి తరలిపోయాయి. ఆ ముట్టడినంతా అమీర్ ఖుస్రో పారసీకంలో వర్ణించి పెట్టాడు. ఖల్జీ వంశం ఢిల్లీ గద్దె మీద ఉన్నది 1290 నుంచి 1320 దాకా, 30 ఏళ్లే. అయినా మన చరిత్రలో ఆ పేరు గట్టిగా నాటుకుపోయింది.

ఆ వంశానికి ఆ పేరు ఒక తెగ నుంచి వచ్చింది. తెగ పేరు ఖలజ్. అదే పేరుతో ఇవాళ్టికీ ఒక భాష ఉంది. ఇరాన్ నడిబొడ్డున, టెహ్రాన్‌కు నైరుతి దిక్కుగా, కోమ్, అరాక్, తఫ్రెష్, అష్తియాన్ పట్టణాల మధ్య కొండపల్లెల్లో దాన్ని మాట్లాడతారు. ఆ ప్రాంతాన్ని పాతకాలం నుంచి ఖలజిస్తాన్ అంటున్నారు. మాట్లాడేవాళ్ల సంఖ్య మీద వచ్చిన అంచనాలు చాలావరకు 20,000 దగ్గరే తిరుగుతున్నాయి. మన దగ్గర ఒక పెద్ద మండలంలో ఉండే జనం కన్నా తక్కువ. ఈ భాష తురుష్క భాషా కుటుంబానికి చెందింది. అయితే ఆ కుటుంబంలో ఏ కొమ్మకు చెందిందన్న ప్రశ్న దగ్గరే దీని కథంతా ఉంది.

20వ శతాబ్దం మొదట్లో వ్లాదిమిర్ మినోర్‌స్కీ అనే రష్యన్ ఇరాన్‌లో దౌత్య ఉద్యోగి. పని దౌత్యమే అయినా మనసంతా ఆ దేశపు చరిత్ర మీద, భాషల మీద ఉండేది. 1906లో ఆయన ఖలజ్ మాట్లాడేవాళ్లను కలిసి కొన్ని మాటలు, వాక్యాలు రాసుకున్నాడు. రష్యాలో విప్లవం వచ్చింది, ఆయన జీవితం దేశాలు మారింది, చివరికి లండన్‌లో ఆచార్యుడయ్యాడు. 1906 నాటి ఆ కాగితాలు అచ్చులోకి వచ్చింది 1940లో. దానికి ఆయన పెట్టిన పేరులో ఖలజ్‌ల తురుష్క మాండలికం అనే ఉంది. మాండలికం అన్న ఆ మాట చాలాకాలం ఈ భాషను అంటిపెట్టుకునే ఉంది. తర్వాత మొహమ్మద్ మొగద్దమ్ అనే ఇరానీ పండితుడు వఫ్స్, అష్తియాన్, తఫ్రెష్ ప్రాంతాల యాసల మీద ఒక పుస్తకం తెచ్చాడు. అందులోనూ ఖలజ్ మాటలు చేరాయి. ఆ రెండూ గ్రంథాలయాల్లో ఉండిపోయాయి. ఇరాన్‌లో తురుష్క భాష అనగానే అందరికీ గుర్తొచ్చేది అజర్‌బైజానీ. దాన్ని మాట్లాడేవాళ్లు అక్కడ కోట్లలో ఉన్నారు. ఈ కాస్త పల్లెల మాటను కూడా అజర్‌బైజానీకి ఒక పల్లెటూరి రూపం అనుకుని ఊరుకున్నారు.

ఆ కాగితాలను మళ్లీ శ్రద్ధగా చదివినవాడు గెర్హార్డ్ డోర్ఫర్. జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. పారసీక భాషలోకి వచ్చి చేరిన తురుష్క, మంగోల్ పదాల మీద నాలుగు పెద్ద సంపుటాలు రాసిన మనిషి. ఒక మాట ఏ శతాబ్దంలో, ఏ రూపంలో ఉండేదో ఆయనకు కొట్టినపిండి. ఖలజ్ మాటలు చూడగానే అవి ఉండాల్సిన కాలంలో లేవని ఆయనకు తెలిసిపోయింది. 1968లో, మధ్య ఇరాన్‌లో ఒక ప్రాచీన తురుష్క భాష మిగిలి ఉందంటూ వ్యాసం ప్రచురించాడు. తర్వాత శిష్యులను వెంటబెట్టుకుని ఆ పల్లెలకు వెళ్లాడు. 1971లో సేకరించిన సామగ్రి, 1980లో సెమిహ్ తెజ్‌జాన్‌తో కలిసి నిఘంటువు, 1988లో వ్యాకరణం, 1994లో జానపద కథలు వచ్చాయి. ఇంత చిన్న భాషకు ఒక్క మనిషి ఇంత చేసిపెట్టడం అరుదు. ఈ పని చూసినప్పుడల్లా నాకు ఆయన మీద గౌరవం పెరుగుతూనే ఉంటుంది.

ఆయనకు ఆ కాగితాల్లో ఏం కనబడిందో చెప్పాలంటే కుటుంబం సంగతి కొంచెం చెప్పాలి. తురుష్క భాషలు టర్కీ నుంచి సైబీరియాలో లేనా నదీ తీరం దాకా పరుచుకుని ఉన్నాయి. వోల్గా ఒడ్డున మాట్లాడే చువాష్ ఒక్కటీ ఒకవైపు, మిగతావన్నీ మరోవైపు. ఆ మిగతావాటిలో టర్కిష్, అజర్‌బైజానీ, తుర్క్‌మెన్ కలిసి ఓఘుజ్ శాఖ. కజఖ్, కిర్గిజ్, తాతార్‌లది కిప్చాక్ శాఖ. ఉజ్బెక్, ఉయ్ఘుర్‌లది కార్లుక్ శాఖ. యాకూత్, తువా, ఖకాస్ వంటివి సైబీరియా వైపువి. ఈ భాషల్ని వేరుచేయడానికి పండితులు ఎప్పటినుంచో వాడుతున్న గుర్తుల్లో ఒకటి పాదానికి ఉన్న పేరు. టర్కిష్‌లో, అజర్‌బైజానీలో, కజఖ్‌లో ఆ మాటకు నడుమ యకారం ఉంటుంది. టర్కీలో అయక్ అంటారు. ఖకాస్‌లో అజఖ్. యాకూత్‌లో అతఖ్. చువాష్‌లో ఉరా. 8వ శతాబ్దంలో మంగోలియాలో ఒర్ఖోన్ నది దగ్గర రాళ్ల మీద చెక్కించిన శాసనాల్లో మాత్రం అదక్, నడుమ దకారంతో. అన్నిటికన్నా పాత రూపం అది.

ఖలజ్ పల్లెల్లో పాదాన్ని హదక్ అంటారు.

అజర్‌బైజానీలో ఆ దకారం ఎన్నో వందల ఏళ్ల కిందటే యకారమైపోయింది. అలా మారిన ధ్వని, ఆ భాష నుంచి పుట్టిన పిల్లభాషలో ఒక్కో మాటలో సరిగ్గా పాత చోటే వెతుక్కుని తిరిగి రాదు. యకారాలన్నీ ఒకే యకారాలుగా వినబడే చోట, ఏది ఒకప్పటి దకారమో, ఏది పుట్టుకతోనే యకారమో చెప్పేవాడెవడు? కాబట్టి దకారాన్ని నిలబెట్టుకున్న ఖలజ్, దాన్ని పోగొట్టుకున్న అజర్‌బైజానీకి కూతురు కాలేదు. ఒక లక్షణాన్ని నిలబెట్టుకున్నంత మాత్రాన ఖలజ్ ఫలానా భాషకు దగ్గర చుట్టమని తేలదు. ఎందుకంటే పాతసొత్తు ఏ ఇంట్లోనైనా మిగలొచ్చు. కానీ ఓఘుజ్ శాఖలో దానికి చోటు లేదని మాత్రం దీనితోనే తేలిపోతుంది. ఈ ఒక్క తర్కం మీద దశాబ్దాల అలవాటు కూలిపోయింది.

ఆ మాట మొదట ఉన్న హకారం సంగతి వేరు. టర్కిష్‌లో అచ్చుతో మొదలయ్యే మాటలు చాలావాటికి ఖలజ్‌లో ముందు హకారం ఉంటుంది. గుర్రం టర్కిష్‌లో అత్, ఖలజ్‌లో హత్. ఇల్లు టర్కిష్‌లో ఎవ్, ఖలజ్‌లో హవ్ లాగా వినబడుతుంది. మూలభాషలో మాటల మొదట ఉన్న పకారం ముందు హకారమై, మిగతాచోట్ల పూర్తిగా ఊడిపోగా ఖలజ్‌లో మాత్రం మిగిలిందని డోర్ఫర్ వాదన. కొందరు పండితులు దీన్ని ఒప్పుకోలేదు. కొన్ని మాటల్లోనైనా ఆ హకారం తర్వాత వచ్చి చేరిందే కావచ్చంటారు. ఈ వాదం ఇంకా నడుస్తూనే ఉంది. నా మటుకు డోర్ఫర్ వాదనకు అసలు బలం దకారంలోనూ, అచ్చుల్లోనూ ఉందనిపిస్తుంది. హకారం దగ్గర ఆయన కొంచెం ఎక్కువ బరువు మోపాడేమో.

అచ్చుల మాట చెప్పాలి. ఇది తెలుగువాళ్లకు ఇట్టే పట్టుబడే విషయం. పలు అంటే ఒకటి, పాలు అంటే ఇంకొకటి. వడి వేరు, వాడి వేరు. హ్రస్వం దీర్ఘమైతే అర్థమే మారిపోతుందని మనకు గుణింతం నేర్చినప్పటి నుంచీ తెలుసు. టర్కిష్ వంటి భాషలు మూలంలో ఉన్న ఈ తేడాను చాలావరకు పోగొట్టుకున్నాయి. తుర్క్‌మెన్, యాకూత్ భాషల్లో అది నిలిచింది. తుర్క్‌మెన్‌లో హ్రస్వంగా అత్ అంటే గుర్రం, దీర్ఘంగా ఆత్ అంటే పేరు. ఖలజ్ అచ్చులకు రెండు కాదు, మూడు కొలతలున్నాయని డోర్ఫర్ రాశాడు. గుర్రానికి ఉన్న మాటలో అచ్చు పొట్టి. తలకు ఉన్న మాటలో సగం పొడుగు. రక్తానికి ఉన్న మాటలో పూర్తి పొడుగు. మన వ్యాకరణాల్లో హ్రస్వ దీర్ఘాలు కాక ప్లుతం అనే మూడోది ఉంది కదా అనిపించవచ్చు. ప్లుతం దీర్ఘం కన్నా ఇంకా సాగేది, పిలుపుల్లోనూ మంత్రాల్లోనూ వచ్చేది. ఖలజ్‌లోని ఆ నడిమి కొలత హ్రస్వానికీ దీర్ఘానికీ మధ్య, మామూలు మాటల్లోనే ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఎంత చెవి కావాలో ఊహించండి.

విభక్తి ప్రత్యయాల్లోనూ ఇంతే. టర్కీ మనిషి ఇంటిలో అని చెప్పడానికి పెట్టే ద ప్రత్యయాన్ని ఖలజ్ మనిషి ఇంటినుంచి అని చెప్పడానికి పెడతాడు. ఇంటిలో అనడానికి చ ప్రత్యయం ఉంది. ఒకరి మాట ఒకరు విన్నప్పుడు, లోపల ఉన్నవాడు బయటికి వచ్చినట్టవుతుంది. పక్క భాషకు ఇది మాండలికమైతే ఇంత లోతైన తేడా వచ్చేది కాదు.

ఇక్కడ 900 ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. 11వ శతాబ్దంలో మహ్మూద్ కాష్గరీ అనే పండితుడు బాగ్దాద్‌లో కూర్చుని, అరబ్బులకు తురుష్క భాషలు నేర్పడం కోసం దీవాన్ లుగాత్ అత్-తుర్క్ అనే పెద్ద నిఘంటువు రాశాడు. ఏ తెగవాళ్లు ఏ ధ్వనిని ఎలా పలుకుతారో తెగలవారీగా రాశాడు. ఇతరులు దకారం వంటి ధ్వని పలికే చోట ఓఘుజ్‌లు యకారం పలుకుతారని అప్పుడే గమనించాడు. తుర్క్‌మెన్‌లు మొదట 24 తెగలని, అందులో రెండు ఖలజ్ తెగలు కొన్ని విషయాల్లో వేరుగా ఉంటాయి కాబట్టి వాళ్లను ఆ లెక్కలో చేర్చరని కూడా రాశాడు. ఖలజ్‌లను ఎక్కడ పెట్టాలన్న చిక్కు అప్పటికే ఉందన్నమాట.

అందులో అర్ఘు అనే జనం గురించి కూడా ఉంది. తలాస్, బలాసాఘున్ ప్రాంతాల్లో, అంటే నేటి కజక్‌స్తాన్, కిర్గిజ్‌స్తాన్ వైపు ఉండేవాళ్లు. మిగతావాళ్లు యకారం పలికే కొన్ని మాటల్లో వీళ్లు నకారం పలుకుతారని, గొర్రెను కోయ్ అనకుండా కోన్ అంటారని ఆయన రాశాడు. కాదు అనడానికి వాళ్లు వాడే ఒక ప్రత్యేకమైన మాటను కూడా నమోదు చేశాడు. ఆ నకారం, ఆ కాదు అనే మాట రెండూ నేటి ఖలజ్‌లో ఉన్నాయి. డోర్ఫర్ 1987లో ఈ సంగతి మీద ఒక వ్యాసం రాసి, ఖలజ్ అర్ఘు సంతానమని వాదించాడు. అందుకే ఈ రోజు చాలా వర్గీకరణల్లో ఖలజ్ ఒక్కటే ఒక శాఖగా, అర్ఘు శాఖగా కనబడుతుంది. టర్కీ పండితుడు తలాత్ తెకిన్ తన వర్గీకరణలో దీన్ని హదక్ వర్గం అని పేరుపెట్టి విడిగా కూర్చోబెట్టాడు.

కాష్గరీ గ్రంథానికి లోకంలో మిగిలింది ఒకే ఒక్క రాతప్రతి. 1266లో చేసిన నకలు. 20వ శతాబ్దం మొదట్లో ఇస్తాంబుల్ పాతపుస్తకాల బజారులో అలీ ఎమీరీ అనే పుస్తకప్రియుడి చేతికి అది దొరికింది. ఆయన కొనకపోయి ఉంటే అర్ఘు అనే పేరు మనకు ఇంత వివరంగా తెలిసేది కాదు. ఆ పుస్తకంలో కాష్గరీ ఒక తీర్పు కూడా ఇచ్చాడు. ఒక్క భాషే తెలిసినవాళ్లు, పారసీకులతో కలవనివాళ్లు మాట్లాడేదే స్వచ్ఛమైన తురుష్కమని, పట్టణాల్లో రెండు భాషలు మాట్లాడే అర్ఘు వంటివాళ్ల పలుకులో దోషం ఉంటుందని అన్నాడు. ఆ ఒక్క మాట దగ్గర ఆ మహాపండితుడితో నాకు పేచీ ఉంది. ఆయన దోషమన్న పలుకులోనే కొన్ని ప్రాచీన రూపాలు భద్రంగా ఉన్నాయి. స్వచ్ఛత, ప్రాచీనత ఒకటి కావు.

మళ్లీ ఖల్జీల దగ్గరికి వద్దాం. 10వ శతాబ్దంలో అరబ్బీలో రాసిన భూగోళ గ్రంథకర్త ఇస్తఖ్రీ, భారతదేశానికీ సీస్తాన్‌కీ మధ్య భూముల్లో ఖలజ్ తురుష్కులు ఎప్పుడో పాతకాలంలో వచ్చి స్థిరపడి పశువులు మేపుకుంటున్నారని రాశాడు. ఆ వైపు నుంచి, నేటి ఆఫ్ఘనిస్తాన్ నుంచే ఖల్జీలు హిందుస్తాన్ వచ్చారు. జలాలుద్దీన్ ఖల్జీ గద్దె ఎక్కినప్పుడు, అంతవరకు తురుష్కుల ఏలుబడికి అలవాటుపడ్డ ఢిల్లీ జనానికి ఖల్జీల రాజ్యం రుచించలేదని జియావుద్దీన్ బరనీ తన చరిత్రలో రాశాడు. ఢిల్లీ దృష్టిలో వాళ్లు తురుష్కులు కారు. మన తెలుగు నేల శాసనాలు మాత్రం అందర్నీ గంపగుత్తగా తురుష్కులనే అన్నాయి. ఆఫ్ఘనిస్తాన్‌లో ఉండిపోయిన ఖలజ్‌లు క్రమంగా పష్తో భాషలోకి మారిపోయి, ఘిల్జాయ్ అనే పెద్ద పఠాన్ తెగలో కలిసి ఉంటారని మినోర్‌స్కీతో పాటు చాలామంది పండితుల అభిప్రాయం. ఇరాన్ ఖలజ్‌లూ ఈ ఖలజ్‌లూ ఎప్పుడు, ఎక్కడ విడిపోయారన్నది ఇంకా పండితులు తవ్వుతున్న సంగతి. ఒక్కటి మాత్రం కళ్లకు కడుతుంది. ఢిల్లీని ఏలిన ఖల్జీల దర్బారు భాష పారసీకం. సామ్రాజ్యం ఉన్న వైపు పూర్వుల భాష నిలవలేదు. ఏ సామ్రాజ్యమూ లేని కొండపల్లెల్లో ఖలజ్ పేరుతో ఒక భాష నిలిచింది.

ఇప్పుడు ఆ పల్లెల్లోనూ దాని బలం తగ్గుతోంది. ఖలజ్ మాట్లాడే ప్రతివాళ్లకూ పారసీకం వచ్చు. బడి పారసీకంలో, కచేరీ పారసీకంలో, టీవీ పారసీకంలో. కోమ్, అరాక్, టెహ్రాన్ పెద్ద దూరంలో లేవు. చదువుకీ కూలికీ అక్కడికి పోయినవాళ్లు పిల్లలతో పారసీకమే మాట్లాడతారు. వాక్యం అల్లే తీరులో కూడా పారసీకం లోపలికి వచ్చేసింది. అంకెలు తురుష్క రూపాల్లోనే ఉన్నా, 80, 90 అనాల్సి వచ్చినప్పుడు కొందరు పారసీక అంకెలు వాడుతున్నారు. ఇరాన్ రాజ్యాంగం 15వ అధికరణం ప్రకారం అధికార భాష పారసీకమే అయినా, ప్రాంతీయ భాషలను పత్రికల్లో వాడుకోవచ్చు, వాటి సాహిత్యాన్ని బడిలో చెప్పవచ్చు. కాగితం మీద అడ్డు లేదు. కానీ అలా అడగడానికి కూడా ఒక భాషకు కొంత జనబలం, కొంత గుర్తింపు కావాలి. మాండలికమని పిలిపించుకున్న భాషకు ఆ రెండూ దొరకడం కష్టం. నువ్వు మాట్లాడేది సగం అజర్‌బైజానీ, సగం పారసీకం అని చెబుతూ ఉంటే, ఆ మనిషికి తన భాష పిల్లలకు నేర్పాలన్న పట్టుదల ఎక్కడి నుంచి వస్తుంది? వర్గీకరణ అంటే పండితులు గదిలో కూర్చుని గీసుకునే చెట్టుబొమ్మ మాత్రమే అనుకుంటారు. ఖలజ్ విషయంలో ఆ బొమ్మ మీద ఒక గీత విడిగా పడ్డాకే దానికి నిఘంటువు, వ్యాకరణం, కథల సంపుటం వచ్చాయి.

ఇది మనకూ దూరపు సంగతి కాదు. తెలుగులో బండి ఱ అని ఒక అక్షరం ఉంది. పూర్వకవులు దాన్ని రకారంతో కలపకుండా వాడేవారు. నోటిమాటలో ఆ రెండూ ఎప్పుడో ఒకటైపోయాయి. మన విశాఖ మన్యంలో, ఆ చుట్టుపక్కల ఒడిశా కొండల్లో మాట్లాడే కొండ భాషలో, దాన్నే కూబి అంటారు, ఆ రెండు ధ్వనులూ ఇప్పటికీ వేరువేరుగా ఉన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆ భాష నేర్చుకుని 1969లో దాని మీద గ్రంథం ప్రచురించారు. డోర్ఫర్ ఖలజ్ పల్లెల్లో తిరుగుతున్న రోజులే అవి. తెలుగుకు దగ్గరి చుట్టాలు గోండి, కువి, కుయి, కొండ, పెంగొ, మండ భాషలని ఆయన పరిశోధనల వల్లే గట్టిగా తేలింది. కోట్లమంది మాట్లాడే భాష పోగొట్టుకున్న ధ్వని చరిత్రను, కొండ మీద కొద్ది వేలమంది నోట విని రాసుకోవలసి వచ్చింది. టర్కిష్ చరిత్ర రాసేవాళ్లకు ఖలజ్ ఇచ్చిందీ అదే.

ఇక మిగిలిన పని ఉంది. డోర్ఫర్ పుస్తకాలు చాలావరకు జర్మన్ భాషలో ఉన్నాయి. ఖలజ్ పల్లెలో ఎవరైనా అవి విప్పి చదువుకోలేరు. ఊరు మారితే పలుకు కొంచెం మారుతుంది కాబట్టి ఒక ఊరి మాట రికార్డు చేస్తే సరిపోదు. అచ్చుల మూడు కొలతలు నేటి యువకుల నోట ఎంతవరకు నిలిచాయో, ముసలివాళ్ల నోట ఎలా ఉన్నాయో పక్కపక్కన పెట్టి కొలవాలి. పెళ్లిళ్లలో, పొలాల్లో, పశువుల దగ్గర ఆడవాళ్లు మాట్లాడే మాటలు కావాలి. పదాల జాబితాలు అడిగితే పదాలే వస్తాయి, మాట తీరు రాదు. పారసీక లిపిలో మామూలు రాతలో హ్రస్వాలు రాయరు కాబట్టి, ఈ భాష కొలతలు చూపించే రాత పద్ధతి ఒకటి ఆ ఊళ్లవాళ్లే కూర్చుని ఒప్పుకోవాలి. ఖలజ్ ఇళ్లలో పుట్టి కోమ్, టెహ్రాన్ విశ్వవిద్యాలయాల్లో చదువుకునే పిల్లలు ఈ పనికి అందరికన్నా తగినవాళ్లు. అమ్మమ్మలు, తాతయ్యలు ఇంకా ఉన్న ఊళ్లనుంచి మొదలుపెడితే మంచిది.